కలివికోడిని డిజిటల్‌గా గీయడం ఎలా: పట్టీలు, పాదాలు, చీకటి

కలివికోడి బొమ్మ గీద్దామనుకునేవాళ్ళకి మొదట చెప్పాల్సింది ఒకటుంది. ఈ పిట్టకి మంచి ఫోటోలు చాలా తక్కువ. నెమలినో పాలపిట్టనో గీసేటప్పుడు చిన్న తప్పు దొర్లినా పెద్ద నష్టం లేదు, చూసేవాళ్ళు అసలు పిట్టని ఎక్కడో చూసే ఉంటారు కాబట్టి మనసులోనే సరిచేసుకుంటారు. కలివికోడి విషయంలో అలా కుదరదు. కడప జిల్లాలో పుట్టి పెరిగినవాళ్ళలో కూడా దీన్ని కళ్ళారా చూసినవాళ్ళు అరుదు. మీరు గీసి పెట్టిన బొమ్మ ఓ పదిమంది ఫోన్లలో తిరిగిందంటే వాళ్ళకి కలివికోడి అంటే అదే. అందుకని ఇక్కడ అందంగా గీయడం కంటే సరిగ్గా గీయడం గురించే ఎక్కువ చెప్తాను. సరిగ్గా గీస్తే అందం ఎలాగూ వస్తుంది, ఎందుకంటే పిట్టే అంత అందమైనది.

కొత్తవాళ్ళ కోసం కథ క్లుప్తంగా. 1848లో జెర్డాన్ అనే డాక్టర్ దీన్ని పక్షి శాస్త్రానికి పరిచయం చేశాడు, ఇంగ్లీషు పేరు ఆయన మీదే పెట్టారు. 1900లో అనంతపురం దగ్గర కనిపించింది, అంతే, ఆ తర్వాత మాయం. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, అక్కడి పిట్టల వేటగాళ్ళ సాయంతో బద్వేలు దగ్గర రెడ్డిపల్లి వైపు మళ్ళీ కనుక్కున్నారు. రెండేళ్ళకి లంకమల అడవిని అభయారణ్యం చేశారు, తపాలా శాఖ కలివికోడి స్టాంపు కూడా వేసింది. తర్వాత తెలుగుగంగ కాలువ దీని ఇలాకాలోంచి వెళ్ళబోతే దారి మార్చారు. ఇంత జరిగినా ఈ పిట్ట ఇప్పటికీ అత్యంత ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలోనే ఉంది.

ఏం కావాలి

పెద్దగా ఏం అక్కర్లేదు. ఫోన్ ఉంటే ఇబిస్ పెయింట్, కంప్యూటర్ ఉంటే క్రిటా (పూర్తిగా ఉచితం), ఐప్యాడ్ ఉంటే ప్రొక్రియేట్. వీటిలో ఏదైనా సరిపోతుంది, నేను చెప్పేవన్నీ మూడింటిలోనూ ఉన్నాయి. స్టైలస్ ఉంటే మేలు. వేలితో గీసినా పని జరుగుతుంది గానీ మెడ కింద పట్టీల అంచుల దగ్గర మాత్రం చాలా జూమ్ చేసి ఓపిగ్గా గీయాలి.

కాన్వాస్ ఏ4 సైజు, 300 డీపీఐ పెట్టండి, అంటే 2480 బై 3508 పిక్సెల్స్. పాత ఫోన్ ఇంత పెద్ద కాన్వాస్ మీద ఆగి ఆగి నడుస్తుంటే లేయర్లు తగ్గించుకోండి, కాన్వాస్ మాత్రం తగ్గించొద్దు. రేపు ఏ స్కూల్ వాళ్ళో పోస్టర్ వేసుకుంటామని అడిగితే చిన్న ఫైలు ఎందుకూ పనికిరాదు.

బ్రష్‌ల గురించి గంటలు గంటలు వెతకడం వృథా. అంచు గట్టిగా ఉండే గుండ్రటి బ్రష్ ఒకటి, మెత్తటి ఎయిర్‌బ్రష్ ఒకటి, నేల కోసం గరుకుగా ఉండేది ఒకటి, ఈ మూడూ చాలు. ఈకల బ్రష్ అని డౌన్‌లోడ్‌కి దొరికేవి వాడితే పిట్ట మీద కార్పెట్ పరిచినట్టు వస్తుంది, వాటి జోలికి పోవద్దు.

రిఫరెన్స్ దగ్గరే సగం పని

దొరికిన ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లో వేసుకోండి, పాత కాలపు రంగుల చిత్రాలు కూడా. అయితే అన్నిటినీ ఒకేలా నమ్మకండి. ఇన్‌ఫ్రారెడ్‌లో తీసిన ఫోటోల్లో ఆకారం, నిలబడే తీరు నమ్మొచ్చు, రంగు నమ్మకూడదు. టార్చ్ వేసి తీసినవాటిలో తెలుపు మరీ తెల్లగా పేలిపోయి ఉంటుంది. పాత చిత్రాలు చాలావరకు చనిపోయిన పిట్ట చర్మాన్ని ముందు పెట్టుకుని వేసినవి కాబట్టి వాటిలో పట్టీలు బాగుంటాయి, మెడ వంపు, నిలబడే తీరు మాత్రం బిగుసుకుపోయినట్టుంటాయి. దేన్నుంచి ఏం తీసుకుంటున్నారో పక్కన నోట్ రాసుకోండి.

ఏఐతో తయారైన కలివికోడి బొమ్మల్ని రిఫరెన్స్‌గా అస్సలు పెట్టుకోవద్దు, ఇది గట్టిగానే చెప్తున్నాను. అసలు ఫోటోలే కొన్ని ఉన్న పిట్ట అది, యంత్రం ఎక్కడ నేర్చుకుంటుంది? తీతువు పిట్ట కాళ్ళు, ఇంకేదో పిట్ట తల కలిపి ఇస్తుంది, అదీ నమ్మేంత నునుపుగా ఇస్తుంది. ఆ తప్పే మీ బొమ్మలోకి వస్తే, మీ బొమ్మ చూసి గీసేవాళ్ళ బొమ్మల్లోకీ వెళ్తుంది.

ఇంకొకరి ఫోటో మీద పెట్టి ట్రేస్ చేయకండి. ఆ ఫోటో తీసినవాళ్ళు ఎన్ని రాత్రుళ్ళు ఎదురుచూసి ఉంటారో. మూడు నాలుగు ఫోటోలు చూసి ఆకారం అర్థం చేసుకుని మీదైన భంగిమ గీయండి. బతికున్న పిట్ట కదలిక చూడాలనిపిస్తే మీ ఊరి చెరువు గట్టునో బీడులోనో తిరిగే తీతువుని కాసేపు గమనించండి, చిన్న చిన్న పరుగులు, ఠక్కున ఆగడం, మళ్ళీ పరుగు. కలివికోడి కూడా నేల మీద పరిగెత్తే పిట్టే, ఆ ఊపు పట్టుకోవడానికి తీతువు పనికొస్తుంది. శరీరం, రంగులు మాత్రం వేరు, అవి అక్కణ్ణుంచి తేవద్దు.

గీత

ముక్కు కొస నుంచి తోక కొస దాకా 27 సెంటీమీటర్లు, అంటే మన స్కూల్ స్కేలు కంటే కాస్త తక్కువ. పెద్ద పిట్టేం కాదు, పేరులో కోడి ఉంది కదాని పుంజులా ఒళ్ళు పెంచేయకండి. ఒంటికి ఒక కోడిగుడ్డు ఆకారం కాస్త వాలుగా, తలకి ఒక గుండ్రం, మధ్యలో మెడ, ఇవి ముందు వేసుకోండి. కాళ్ళు పొడుగు. ముక్కు పొట్టి, మొదట్లో పసుపు, కొస నలుపు. కళ్ళు పెద్దవి, రాత్రి తిరిగే పిట్ట కదా. ముక్కు పొడుగు చేశారా, పిట్ట మొత్తం ఉల్లంకిలా మారిపోతుంది, కాబట్టి తల గుండ్రం వేశాక ముక్కు ఎంతుండాలో వెంటనే తేల్చుకోండి.

కాలు మధ్యలో వెనక్కి మడిచే కీలు ఉంటుందే, మనం మోకాలు అనుకునేది, అది నిజానికి చీలమండ. అసలు మోకాలు ఈకల్లో దాగి ఉంటుంది. ఇది గుర్తుంటే పరిగెత్తే భంగిమలో కాలు ఎటు మడవాలన్న అనుమానం రాదు.

ఇప్పుడు పాదం. కలివికోడికి ముందుకి మూడు వేళ్ళే, వెనక వేలు లేదు. చాలా బొమ్మల్లో అలవాటుకొద్దీ వెనక ఒక వేలు పెట్టేస్తారు, ఎందుకంటే మనం రోజూ చూసే కాకికీ కోడికీ అలాగే ఉంటుంది. ఇది చిన్న విషయమని వదిలేయకండి. లంకమలలో పరిశోధకులు ఈ పిట్ట ఉందో లేదో తెలుసుకోవడానికి వాడిన పద్ధతుల్లో ఒకటి, పొదల మధ్య మెత్తటి మన్ను పట్టీలుగా పరిచి తెల్లారి పాదముద్రలు వెతకడం. కనిపించని పిట్టకి ఆనవాలు ఆ పాదమే. దాన్ని మీ బొమ్మలో తప్పుగా వేయకూడదు. మీకిష్టమైతే పిట్ట వెనక నేల మీద నాలుగైదు అడుగుల జాడ కూడా వేయండి, మూడేసి వేళ్ళతో.

పట్టీలు

అసలు పరీక్ష ఇక్కడే. గదవ లేత రంగు. దాని కింద మెడ ముందు భాగంలో కావిరంగు మచ్చ, కాస్త నారింజ కలిసిన ఇటుక రంగు. దాని కిందికి ఎద మీద రెండు గోధుమ రంగు పట్టీలు, వాటి మధ్య తెలుపు. పొట్ట తెల్లగా ఉంటుంది. నడినెత్తి ముదురు, కంటి పైన వెడల్పాటి లేత గీత, అది దూరం నుంచి కూడా కనబడుతుంది. వీపు, రెక్కలు బూడిద కలిసిన గోధుమ. కాళ్ళు లేత పసుపు. పట్టీల వెడల్పులు మాత్రం మాటల్లో విని వేసేవి కావు, మంచి ఫోటో జూమ్ చేసి తల ఎత్తుతో పోల్చి కొలుచుకోండి.

పట్టీలు వేసే పద్ధతి చెప్తాను. ఒంటి ఆకారం ఒక లేయర్‌లో ఒకే రంగుతో నింపండి. దాని పైన కొత్త లేయర్ తెరిచి క్లిప్పింగ్ మాస్క్ చేయండి, అప్పుడు మీరేం గీసినా పిట్ట అంచు దాటదు. వెంటనే పట్టీలు గీసేయకుండా, ముందు ఇంకో విడి లేయర్‌లో వేరే రంగుతో ఎద చుట్టూ తిరిగే సన్న గీతలు నాలుగైదు వేయండి, పీపాకి కట్టిన ఇనప చట్రాల్లాగా. ఎద గుండ్రటిది, పట్టీ ఆ గుండ్రాన్ని చుట్టి అటువైపు వెళ్ళిపోతుంది. ముప్పాతిక వైపు నుంచి, అంటే పూర్తిగా ఎదురుగానూ కాకుండా పూర్తిగా పక్కనుంచీ కాకుండా చూస్తుంటే మనకి దగ్గరున్న వైపు పట్టీ వెడల్పుగా, అవతలి అంచుకి వెళ్ళేకొద్దీ సన్నగా కనిపించాలి. ఆ గీతల మీదుగా పట్టీలు వేసి, తర్వాత గీతల లేయర్ ఆపేయండి. ఇలా చేయకపోతే పట్టీలు ఎద మీద రిబ్బన్ అంటించినట్టు కనిపిస్తాయి, ఎంత షేడింగ్ చేసినా ఆ బల్లపరుపుతనం పోదు.

అంచులు రూలర్ పెట్టినట్టు ఉండొద్దు. ఈకలు ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి కాబట్టి పట్టీ కింది అంచు కొంచెం చీలికలుగా ఉంటుంది. చిన్న గట్టి బ్రష్‌తో తెల్ల రంగు తీసుకుని కింది నుంచి పైకి కాదు, పై నుంచి కిందికి, ఈక వాలే దిక్కులో సన్నగా లాగండి. అన్ని చోట్లా కాదు, నాలుగైదు చోట్ల. మిగతాది చూసేవాళ్ళ కన్ను పూరించుకుంటుంది.

ఏ వెలుగు?

రాత్రి బొమ్మ అనగానే వెనకాల నలుపు నింపేసి, మూలన చందమామ పెట్టేసి, పిట్టని పట్టపగలు ఉన్నట్టు రంగులేయడం మామూలుగా జరిగేది. ముందు వెలుగు ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చుకోండి. ఈ పిట్టకి నాకు తెలిసి మూడు దారులున్నాయి.

ఒకటి వెన్నెల. అందంగా ఉంటుంది గానీ ఒక చిక్కుంది. మసక వెలుతురులో మన కంటికి ఎరుపు, నారింజ నల్లబడిపోతాయి, నీలం మాత్రం కాస్త వెలుగుగా అనిపిస్తుంది. అంటే వెన్నెల నిజాయితీగా వేస్తే మెడ మీది కావి మచ్చ దాదాపు బూడిద గోధుమలో కలిసిపోతుంది. పట్టీల తెలుపు, కంటి పైన గీత, ఇవి మాత్రం మెరుస్తాయి. మచ్చ కనబడకపోయినా ఫర్వాలేదనుకుంటే వెన్నెల బ్రహ్మాండం. మచ్చ కూడా భగ్గుమనాలి, వెన్నెలా ఉండాలి అంటే రెండూ కుదరవు.

రెండోది టార్చ్ వెలుగు. మనుషులు ఈ పిట్టని చూసింది ఎక్కువగా ఈ వెలుగులోనే. రంగులన్నీ కనిపిస్తాయి కాబట్టి పోస్టర్‌కీ పిల్లల పుస్తకానికీ ఇదే మంచిది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, టార్చ్ వెలుగు దూరం పెరిగేకొద్దీ దారుణంగా పడిపోతుంది, దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. పిట్ట 5 మీటర్ల దూరంలో వెలిగి ఉంటే 10 మీటర్ల దూరంలో పొద చీకట్లో కలిసిపోవాలి, ముందున్న గులకరాళ్ళు పిట్ట కంటే ఎక్కువ వెలగాలి. ఇంకోటి, టార్చ్ చూసేవాడి చేతిలోనే ఉంటే నీడ పిట్ట వెనక్కి దాక్కుంటుంది, ఒళ్ళు బల్లపరుపుగా వస్తుంది. టార్చ్ పక్కనున్న ఇంకో మనిషి చేతిలో ఉందనుకుని వెలుగుని ఎడమకో కుడికో జరపండి, ఎద గుండ్రం వెంటనే తెలుస్తుంది.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది, సందె పూర్తిగా మాసిపోయే ముందు ఘడియ. కలివికోడి అరిచేది సాధారణంగా పొద్దుగుంకిన ముప్పావు గంటకి, కొద్ది నిమిషాల పాటే, రెండు స్వరాలు వెంటవెంటనే. ఆ వేళకి ఆకాశం నడినెత్తిన చిక్కటి నీలం, పడమట అంచున మాత్రం ఇంకా సన్నటి పాలిపోయిన వెలుగు. పైన ఆకాశానికి ఎరుపు 20, ఆకుపచ్చ 26, నీలం 48 (ఒక్కోటీ 255కి) దగ్గర మొదలుపెట్టండి. దిగువన 58, 70, 98. పొదలు 18, 24, 28. నేల 48, 40, 44, అక్కడి ఎర్రమట్టి ఛాయ ఆ చీకట్లో కూడా కొంచెం మిగలాలి. పిట్ట మీద తెలుపు 150, 155, 170 దాటకూడదు. 150 తెలుపేంటి అనిపిస్తుంది, చుట్టూ అంత చీకటి ఉన్నప్పుడు అదే తెల్లగా కనిపిస్తుంది, నమ్మండి. అచ్చమైన తెలుపు ఎక్కడన్నా ఉందంటే కంటిలో మెరుపు ఒక్కచోటే.

ఏ వెలుగు ఎంచుకున్నా, పైన ఒక లేయర్ మొత్తం బూడిద రంగుతో నింపి దాని మోడ్ కలర్ అని మార్చి పెట్టుకోండి. ఆన్ చేయగానే బొమ్మ నలుపు తెలుపులో కనిపిస్తుంది. రంగుల్లేకుండా కూడా రెండు పట్టీలు విడివిడిగా తెలుస్తున్నాయా, పిట్ట పొదలోంచి విడిపడి కనిపిస్తోందా చూసుకోండి. లేదంటే రంగులు మార్చడం వల్ల ఉపయోగం లేదు, వెలుగు తేడా మార్చాలి.

షేడింగ్‌కి మల్టిప్లై లేయర్ (కింది రంగుని ముదురు చేసే మోడ్), కానీ నలుపుతో కాకుండా ముదురు నీలంతో. కంటిలో మెరుపు వెలుగుని బట్టి మారుతుంది. టార్చ్ అయితే చిన్న గట్టి చుక్క, సందె వెలుగైతే కంటి పై సగంలో ఆకాశం నీలంగా మెత్తగా పరుచుకున్నట్టు. చుక్క మధ్యలో పెట్టకండి, బొమ్మ కన్నులా ఉంటుంది. వెలుగు ఏ వైపు నుంచి వస్తే ఆ వైపు.

నేల, పొదలు

దట్టమైన అడవి, తీగలు, పెద్ద పెద్ద మానులు, వీటిలో కలివికోడి ఉండదు. అది ఉండేది పొదల అడవిలో, పొదల నడుమ బోసి నేల ఉన్నచోట. అక్కడ చేసిన పరిశోధనలో, 2 మీటర్లు దాటిన పొదలు హెక్టారుకి 300 నుంచి 700 ఉన్నచోట ఎక్కువగా కనిపిస్తుందని తేలింది. గీసేవాళ్ళకి ఈ లెక్క బంగారం. పొదకీ పొదకీ మధ్య సుమారు 4 నుంచి 6 మీటర్ల దూరం అన్నమాట. పొద ఎత్తు పిట్ట పొడవుకి ఏడు రెట్ల పైమాటే. అంటే మీ బొమ్మలో పిట్ట పక్కనే ఉన్న పొద ఫ్రేమ్ దాటి పైకి పోవాలి, అవతలి పొద వెనక్కి జరిగి ఉండాలి, మధ్యలో పిట్ట పరిగెత్తేంత ఖాళీ నేల ఉండాలి.

పొదలు కలివి, రేగు, తుమ్మ జాతివి. కలివికి ఆకులు ఎదురెదురుగా, మందంగా, కాస్త మెరుస్తూ ఉంటాయి, గట్టి ముళ్ళు. అన్ని ఆకులూ గీయాల్సిన పనిలేదు, ఆకాశం మీద పడే అంచు దగ్గర మాత్రం ముళ్ళూ ఆకులూ స్పష్టంగా వేసి లోపలంతా ఒకే ముదురు ముద్దగా వదిలేయండి. నేలకి గరుకు బ్రష్‌తో ఎర్రమట్టి, దాని మీద గులకరాళ్ళు, చిన్నవి ఎక్కువ పెద్దవి తక్కువ. పచ్చిక మెత్తగా పరిచేయకండి. దూరంగా లంకమల కొండల వరస ఒక్క గీతలో చాలు.

పోస్ట్ చేసే ముందు

బొమ్మని అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తారుమారు చేసి చూడండి, వంకరలు బయటపడతాయి. తర్వాత ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి చూడండి. రాత్రి బొమ్మలు గీసేవాళ్ళు స్క్రీన్ వెలుగు పూర్తిగా పెట్టుకుని గీస్తారు, చూసేవాళ్ళు బస్సులో ఎండలో చూస్తారు, అక్కడ మొత్తం నల్లటి పలకే కనిపిస్తుంది. ప్రింటుకి ఇచ్చేటప్పుడు ఇంకా ముదురుతుంది కాబట్టి ప్రింట్ కాపీని విడిగా సేవ్ చేసి కొంచెం వెలుగు పెంచండి, ముందు ఒక చిన్న కాగితం మీద తీయించి చూడండి. ఆన్‌లైన్‌కి పీఎన్‌జీ. లేయర్లున్న అసలు ఫైలు ఎప్పటికీ డిలీట్ చేయకండి, పట్టీ గురించో పాదం గురించో పక్షులు తెలిసినవాళ్ళెవరైనా తప్పు చెప్తే ఆ లేయర్ ఒక్కటి తెరిచి దిద్దుకోవచ్చు. అసలు పోస్ట్ చేసే ముందే అలాంటి ఒకరికి పంపి అడగడం ఇంకా మంచిది.

రిఫరెన్స్ కోసమని రాత్రిపూట అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్ళడం, ఫోన్‌లో దాని అరుపు వినిపించి పిలవడం, రెండూ చేయకండి. ఉన్నవే కొన్ని పిట్టలు, వాటిని బెదరగొట్టి గీసిన బొమ్మ వాటికేం మేలు చేయదు. బొమ్మ కింద పేరు కలివికోడి అని తెలుగులో రాయండి, కడప జిల్లా లంకమల అని రాయండి, అంతకంటే కచ్చితమైన చోటు మీకు తెలిసినా రాయకండి. ఏ ఫోటోలు చూసి గీశారో వాళ్ళ పేర్లు పెట్టండి. బద్వేలు, సిద్ధవటం వైపు టీచర్లెవరైనా అడిగితే పెద్ద సైజు ఫైలు ఊరికే ఇచ్చేయండి, రంగులేసుకోవడానికి ఉత్త గీతల లేయర్ కూడా విడిగా పంపండి, పిల్లలు ఆ రెండు పట్టీలు వాళ్ళ చేత్తో నింపుతారు.